సుకన్య అన్నం తినే ఐతారం

వరంగల్ చౌరస్తా వెనక సందులో సదానందం బియ్యం దుకాణం ఉంది. బోర్డు మీద పేరు సదానందానిదే, కానీ బియ్యం సంగతి అడగాలంటే అందరూ ఆయన భార్య సుకన్యనే అడుగుతారు. నలభై ఆరేళ్ల సుకన్య గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకొని, రెండు గింజలు పంటి కింద కొరికి, "ఇది పోయిన యాసంగి పంటది" అని చెప్పేస్తుంది. మిల్లు నుంచి కొత్త సరుకు దిగిందంటే ముందు అది ఆమె కుక్కర్‌లోకి పోవాల్సిందే. వండి, తిని, పప్పుచారుకు పనికొస్తుందా, పులిహోరకా, పిల్లల టిఫిన్ డబ్బాలకా అని ఆమె తేల్చాకే ఆ బస్తా కొనవచ్చిన గిరాకీ ముందుకు వస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి.

అలాంటి మనిషికి పోయిన వానాకాలంలో దవాఖానలో డాక్టరు ఒక కాగితం చేతికిచ్చి, షుగర్ గీత మీద నిలబడి ఉందన్నారు. ఇంకొక్క అడుగు వేస్తే అవతలికే. అన్నం, రొట్టె, తీపి బాగా తగ్గించాలి, బరువులు ఎత్తాలి.

సుకన్య నవ్వింది. "సార్, నా బతుకే బరువుల మధ్యల. దుకాణంల పొద్దంత బస్తాలు ఎత్తుడే కదా."

"ఎవరు ఎత్తుతారమ్మా?" అని డాక్టరు అడిగారు.

సుకన్య ఆలోచించింది. ఎత్తేది హమాలీలు. తను చేసేది, ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించడం.

అలా సుకన్య హన్మకొండలోని ఆడవాళ్ల జిమ్‌లో చేరింది. అక్కడ నేర్పే అమ్మాయి పేరు అనూష. ఏటూరునాగారం దిక్కు పిల్ల, కాలేజీలో ఉండగా వెయిట్‌లిఫ్టింగ్‌లో పతకాలు తెచ్చుకుంది. వయసు ఇరవై ఆరు, మాట మెత్తన, లెక్క గట్టిది. గుడ్లు, కోడికూర, చేపలు, తోటకూర, బీరకాయ, పెరుగు, గుప్పెడు పల్లీలు, ఇవన్నీ తినమంది. అన్నం మాత్రం పూర్తిగా బంద్.

మొదటి నాలుగు వారాలు బాగానే గడిచాయి. నాలుగు కిలోలు తగ్గింది. పాత జాకెట్లు పట్టసాగాయి. పొద్దున లేస్తే మోకాళ్లు పలకడం మానేశాయి. అయిదో వారం నుంచి కథ అడ్డం తిరిగింది. సదానందం ఉత్తగా తుమ్మినా సుకన్యకు కోపం వచ్చేది. ఆయన సన్నటి మనిషి, మూడు పూటలా కుప్పపోసుకొని తింటాడు, తిన్నది ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. ఆయన ఎదురుగా కూర్చొని ముద్ద కలుపుతుంటే సుకన్య లేచి వాకిట్లోకి పోయి బీరకాయ కూర ఒట్టిదే తినేది.

ఆరో వారం జిమ్‌లో, అంతకుముందు వారం సులువుగా ఎత్తిన నలభై కిలోల రాడ్ నేల మీద నుంచి కదల్లేదు. సుకన్య రెండుసార్లు గుంజింది. మూడోసారి రాడ్ పక్కనే కూలబడి ఏడ్చింది.

అనూష పరుగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా? నడుము పట్టిందా?"

"నడుము కాదు పిల్లా. పొద్దున దుకాణంల పాత సోనామసూరి బస్తా విప్పిండ్రు. ఆ వాసన ఇంక ముక్కుల్నే ఉన్నది."

అనూష నవ్వలేదు. పక్కన కూర్చుంది. "అక్కా, నీ కండలల్ల సరుకు అయిపోయింది. గోదాం ఖాళీ అయితే దుకాణం ఎట్ల నడుస్తది? ఇగ ఆరు రోజులు గిట్లనే ఉందాం. ఏడో రోజు, ఐతారం, పొద్దున కాళ్ల వర్కౌట్ గట్టిగ చెయ్యి. అటెంక అన్నం తిను, కడుపునిండ."

"కడుపునిండనా?"

"కడుపునిండ. రోజు మొత్తంల మూడు వందల గ్రాముల బియ్యం దాక. ముందుగాల మీ డాక్టర్‌ను ఒకసారి అడుగు."

"ఏ బియ్యం?"

"నీ ఇష్టం అక్కా. బియ్యం సంగతి నాకేం తెలుసు?"

సుకన్య లేచి అనూషను రెండు చేతులా పట్టుకొని గిరగిరా తిప్పింది. ఆ పూట నలభై కిలోల రాడ్ కదలలేదు గానీ, యాభై నాలుగు కిలోల అనూష మాత్రం నేల వదిలి లేచింది.

డాక్టరు సరే అన్నారు, నెలకోసారి షుగర్ చూపించమన్నారు. సుకన్య క్యాలెండర్ కాగితం ఒకటి చింపి వెనకవైపు ఐతారం ప్లాన్ రాయడం మొదలుపెట్టింది. సోమవారం నాడు బిర్యానీ అని రాసింది. మంగళవారం దాని కింద డబుల్ కా మీఠా చేర్చింది. బుధవారం సర్వపిండి గుర్తొచ్చింది. బియ్యప్పిండే కాబట్టి అది కూడా లెక్కలోకే వస్తుందని రాసింది. గురువారం గిరాకీకి సంచి తూకం వేస్తూ మధ్యలో ఆగి, "పూరీ!" అని అరిచింది. సంచి కోసం నిలబడ్డ ఆమె ఉలిక్కిపడింది. శనివారానికి కాగితం నిండిపోయి రాతలు అంచుల వెంబడి నడిచాయి.

ఐతారం పొద్దున స్క్వాట్లు చేసి, ఇంటికొచ్చి, రాసినవన్నీ తిన్నది. ఒక్కటి విడిచిపెట్టలేదు. సాయంత్రం పైనుంచి నాలుగు మిర్చి బజ్జీలు కూడా. సోమవారం ఆమె పొట్ట డప్పులా మోగింది. జిమ్‌లో వంగి బూట్ల లేసు కట్టుకోవడానికే మూడు ప్రయత్నాలు పట్టాయి.

అనూష కాగితం అడిగి తీసుకొని పైనుంచి కింది దాకా చదివింది. చదువుతూ చదువుతూ గోడకు ఆనుకొని నవ్వింది. "అక్కా, నువ్వు తిన్నది అన్నం కాదు, నూనె! బియ్యం దినమంటే నూనె తక్కువ, నెయ్యి తక్కువ, అన్నం ఎక్కువ. పిండి పదార్థం కండల్లకు పోవాలె, నూనె దానికి అడ్డంపడొద్దు."

"అంటే వట్టి అన్నమా?"

"వట్టి తెల్లన్నం. పైన ఏదన్న పలుచగ పోస్కో."

సుకన్య ముఖం వాడిపోయింది. వారమంతా కలలు కని చివరికి వట్టి అన్నమా? అయినా చెప్పినట్టే చేసింది. తర్వాతి ఐతారం దుకాణం తూకం మీద మూడు వందల గ్రాముల రెండేళ్ల పాత బియ్యం తూచింది. అది వండి, చింతపండు పిసికి, పచ్చిమిర్చి కాల్చి, ఉల్లిగడ్డ తరిగి పచ్చిపులుసు చేసింది. పక్కన తోటకూర పప్పు, చర్మం తీసిన కోడి ముక్కలు నాలుగు. పళ్లెంలో సగం అన్నం పెట్టుకొని, పైన పచ్చిపులుసు పోసి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

నమలడం మెల్లమెల్లగా సాగింది. సదానందం భయపడి, "ఏమైందే?" అన్నాడు.

"ఆగు," అంది సుకన్య కళ్లు మూసుకొని. "గింజ గింజ తెలుస్తాంది."

ఇరవై రెండేళ్లుగా రోజూ తింటూ అలవాటుపడ్డ నాలుక ఆరు రోజులు ఊరుకుండి ఏడో రోజు లేచి కూర్చున్నట్టుంది. అన్నానికి తీపి ఉందనీ, ఆ తీపి రెండో నమలులో మొదలవుతుందనీ ఆమెకు అప్పుడే తెలిసింది. పళ్లెం ఖాళీ అయ్యేసరికి నవ్వు ఆగలేదు. అత్త సారలమ్మ లోపలినుంచి వచ్చి, "కల్లు గిట్ల తాగినావే?" అని అడిగింది.

మరుసటి రోజు నలభై కిలోల రాడ్ గడ్డిపరకలా లేచింది. దీపావళి నాటికి యాభై, డిసెంబరు మొదట్లో అరవై. ప్లాన్ కాగితాలు కూడా తీరు మార్చుకున్నాయి. ఒక ఐతారం పెసరపప్పు చారు, ఒక ఐతారం ఉడకబెట్టిన తియ్యటి కందగడ్డలు, జొన్న రొట్టె. ఒకసారి బెల్లం పరమాన్నం, అందులో నెయ్యి ఒక్క చెంచానే. అయినా సోమవారం రాసింది శనివారానికి పదకొండుసార్లు మారేది. అన్నం బంద్‌తో ఆగిపోయిన, కొత్త సరుకు రుచి చూసే పనిని కూడా ఐతారానికే జరిపింది. వారమంతా వచ్చిన మిల్లు సరుకులు చిన్న చిన్న గిన్నెల్లో ఐతారం వరుసగా ఉడికేవి.

ఈ సంబరం మధ్యలోనే చిక్కు వచ్చిపడింది. బియ్యం దుకాణపు సుకన్య అన్నం తినడం లేదన్న మాట సందులో పాకింది. ఆరు రోజులు తినదన్నది మొదటి మాట. రెండు గల్లీలు దాటేసరికి అసలు తినదయింది. పాలిష్ పట్టే దగ్గర ఏదో కలుపుతున్నారట, అందుకే వాళ్లింట్లో వాళ్లు ముట్టరట అన్నది మూడో మాట. పదేళ్లుగా వస్తున్న రమ అనే టీచరమ్మ దుకాణం ముందు నిలబడి, సంచి చేతిలో పట్టుకొని, "ఏమనుకోవద్దక్కా, ఈ నెలకు వేరే దగ్గర చూస్త" అని వెళ్లిపోయింది.

సదానందం పరేషాన్ అయ్యాడు. "జర ఆలోచించు సుకన్యా. రోజు ఒక్క పూట దుకాణంల కూసోని అందరు చూసేటట్టు తిను. నోళ్లు మూతపడతయి."

"ఎవలో నోరు మూసుకోవాలని నేను నోరు తెరవాల్నా?" అంది సుకన్య. అన్నదే గానీ, రమ వెళ్లిపోయిన తీరు ఆమెకు గుచ్చుకుంది.

ఆ వారంలోనే, మంగళవారం, పాలంపేట నుంచి రాజమల్లు అనే రైతు వచ్చాడు. అరవై దగ్గరపడిన మనిషి, భుజాన చిన్న సంచి. ఎకరం పొలంలో చిట్టిముత్యాల వరి పండించాడు. పొట్టి గింజ, వాసన గింజ. మిల్లుకు అమ్మితే అన్నిటితో కలిపి పోస్తారు, తన పంట తన పేరుతో పోవాలని ఆయన పట్టుదల. సంచి విప్పి, "చెల్లె, ఇయ్యాలనే వడ్లు పట్టించిన. వండి తిని చెప్పు. నీ నోటి మాట మీదనే వచ్చిన," అన్నాడు.

"అన్నా, ఐతారం దాక ఆగాలె. నేను ఐతారమే తింట."

రాజమల్లు ముఖం గంటు పెట్టుకున్నాడు. సంచి మూతి కట్టేశాడు. "అయితే బజార్ల అనేది నిజమేనన్నట్టు. బియ్యం అమ్మేటామె బియ్యం ముట్టదు. నేను ఇంకో దుకాణం చూస్కుంట."

ఆయన మెట్లు దిగుతుంటే సుకన్య వెనకాలే దిగింది. "అన్నా, ఐతారం మీ ఊరికే వస్త. మీ ఇంట్ల, మీ పొయ్యి మీద, మీ కండ్ల ముందల తింట. బాగుంటె బాగుందంట, లేకుంటె లేదంట. సరేనా?"

రాజమల్లు ఆమెను కాసేపు చూసి, "రా మరి," అన్నాడు.

తర్వాత గుర్తొచ్చింది. ఐతారం పొద్దున్నే బయలుదేరితే జిమ్ ఎట్లా? బరువులు ఎత్తనిదే అన్నం లేదన్నది అనూష పెట్టిన లెక్క. ఫోన్ చేసి అడిగితే అనూష అటువైపు నుంచి, "అక్కా, వాళ్లింట్ల వడ్ల బస్తాలు ఉంటయి కదా!" అంది.

ఐతారం సరుకు తెచ్చే చిన్న ట్రాలీలో మొగుడూ పెళ్లాం బయలుదేరారు. ములుగు దాటాక పొగమంచులో వరికొయ్యల పొలాలు. సుకన్య దారిపొడుగునా మాట్లాడుతూనే ఉంది. కొత్త బియ్యం కాబట్టి నీళ్లు తగ్గించాలి, గంజి వార్చాలి, కూర ఘాటుగా ఉండొద్దు, ఉంటే వాసన తెలియదు. సదానందం స్టీరింగ్ పట్టుకొని, "నేను పెండ్లి చూపులకు వచ్చినప్పుడు కూడ నువ్వు ఇంత సంబురపడలే," అన్నాడు.

రాజమల్లు ఇంటి ముందు కళ్ళంలో బస్తాలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఆయన భార్య యమున చాప వేసి, అప్పటికే వండిన అన్నం తెచ్చి పెట్టబోయింది.

"వదినె, జర ఆగు. మొదలు నేను పని చెయ్యాలె," అంటూ సుకన్య చీర కొంగు నడుముకు చుట్టి, బూట్లు గట్టిగా బిగించుకుంది. ఒక బస్తా దగ్గర నిలబడి, "అన్నా, ఇది ఎంత ఉంటది?" అంది.

"నలభై కిలోలు. ఎందుకు?"

సుకన్య మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, బస్తాను రెండు చేతులా కావిలించుకొని లేచింది. కూర్చుంది, లేచింది. ఎనిమిదిసార్లు. బస్తా దింపి ఊపిరి తీసుకొని, మళ్లీ ఎనిమిది. రాజమల్లు నోటి దాకా తెచ్చిన బీడీ అక్కడే ఆగిపోయింది. మూడో విడతకు పక్కింటి ఆడవాళ్లు గోడ మీంచి చూశారు, నాలుగో విడతకు గోడ దాటి లోపలికే వచ్చారు. ఆఖరున బస్తా ఛాతీకి ఆనించుకొని కళ్ళం చుట్టూ నడవడం మొదలుపెట్టింది. పిల్లలు లెక్కపెట్టారు. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు!

"ఈమెకు దయ్యం పట్టిందా?" అని ఒక ముసలామె అడిగింది.

"లేదు పెద్దమ్మ," అన్నాడు సదానందం గర్వంగా. "ఆకలి పట్టింది."

యమున ముందుకు వచ్చింది. "నేను చిన్నప్పటి సంది మోస్తాన, నాకు రాదా?" అని బస్తా ఎత్తి మూడు చుట్లూ తిరిగి, దింపి, చప్పట్లు కొట్టించుకుంది. తర్వాత ఇంకో ఇద్దరు ఎత్తారు. ఒకామె బస్తా మీదే వెల్లకిలా పడి లేవలేక నవ్వింది. ఆమెను లేపబోయిన రెండో ఆమె కూడా పడింది. ఆ కళ్ళంలో అంత నవ్వు అంతకు ముందెప్పుడు వినిపించిందో ఎవరికీ గుర్తులేదు.

అప్పుడు సుకన్య చెమట తుడుచుకొని చాప మీద కూర్చుంది. యమున అన్నం పెట్టింది. కళ్ళమంతా చాప చుట్టూ చేరింది. రాజమల్లు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

సుకన్య ఒక ముద్ద తిన్నది. ఇంకోటి తిన్నది. "అన్నా, అబద్ధం చెప్పను. ముద్దయింది."

రాజమల్లు తల దించుకున్నాడు.

"తప్పు గింజది కాదు, నీళ్లది," అంటూ ఆమె లేచింది. "వదినె, పొయ్యి ఇటియ్యి."

బియ్యం తనే కడిగి అరగంట నానబెట్టింది. ఎసరు మరిగాక పోసి, పలుకు ఉండగానే గంజి వార్చి, మూత పెట్టి నిప్పుల మీద వదిలింది. మూత తీయగానే వాసన వంటింటి గడప దాటి వాకిట్లో నిలబడ్డవాళ్ల దాకా వచ్చింది. ముసలామె, "అగో!" అంది. చిన్న చిన్న గింజలు, ఒకదానికొకటి అంటకుండా, మల్లె మొగ్గల్లా ఉన్నాయి.

సుకన్య తిన్నది. పచ్చిపులుసుతో ఒక పళ్లెం, పెరుగుతో ఒక పళ్లెం, దేనితోనూ కలపకుండా వట్టిదే అరపళ్లెం. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, నోరు మాత్రం నవ్వుతూనే ఉంది. "అన్నా, ఇది ఆర్నెల్లు పాతబడితే ఇంక దీని ముందల ఏదీ నిలబడదు. ఇప్పుడైతే గంజి వార్చి వండుకోవాలని రాసి అమ్ముత. నీ పేరు, నీ ఊరు సంచి మీద రాస్త."

రాజమల్లు ఆమె పళ్లెంలో ఇంకో గరిటె వేశాడు.

సుకన్య భయంగా అనూషకు వీడియో కాల్ చేసింది. "పిల్లా, మూడు వందలు దాటుతాంది. ఏం చెయ్యాలె?"

అనూష తెర మీద పళ్లేన్నీ, బస్తాలనూ, వెనక నవ్వుతున్న ఆడవాళ్లనూ చూసింది. "ఆ గరిటె తిను అక్కా. రేపు పొద్దున నాకు కనబడు."

బుధవారం రాజమల్లు పది బస్తాలతో దుకాణానికి వచ్చాడు. ఆ సమయానికి దుకాణంలో ఆరుగురు గిరాకీలు ఉన్నారు. బస్తాలు దింపుతూ ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు. "ఈ చెల్లె అన్నం తినదన్నది ఎవలు? మా ఇంట్ల నలభై కిలోల బస్తా ఎత్తి మూడు చుట్లు తిరిగింది. అటెంక ఎంత తిన్నదో మా ఆడిదాన్ని అడుగున్రి. అన్నం మిగుల్తె ఒట్టు!" విన్నవాళ్లు నవ్వి, ఆ బియ్యమే కావాలన్నారు. శుక్రవారం రమ టీచరమ్మ వచ్చి, ముందు కాస్త మొహమాటపడి, తర్వాత, "గంజి ఎప్పుడు వార్చాలక్కా?" అని అడిగింది. సుకన్య పాత సంగతేమీ ఎత్తలేదు. వంట మొత్తం రెండుసార్లు వివరంగా చెప్పింది.

ఇప్పుడు ఐతారం పదింటికి దుకాణం ముందు గిన్నెలు ఉడుకుతాయి. కొనేవాళ్లు రుచి చూసి కొంటారు. సారలమ్మ స్టూలు వేసుకొని కూర్చొని, ఏ గిన్నెలో ఏ బియ్యమో వచ్చినవాళ్లకు తప్పు చెప్తుంది, ఎవరూ దిద్దరు.

పోయిన నెల పరీక్షలో షుగర్ గీతకు ఇవతలికి వచ్చింది. డాక్టరు కాగితం చూసి, "ఏం తింటున్నారమ్మా?" అని అడిగారు. అడగకుండా ఉండాల్సింది. సుకన్య కుర్చీ ముందుకు జరుపుకొని సోమవారం నుంచి మొదలుపెట్టింది. గురువారానికి వచ్చేసరికి నర్సు తలుపు తీసి, బయట పద్నాలుగు మంది కూర్చున్నారని చెప్పింది. డాక్టరు చెయ్యి ఎత్తి నర్సును ఆపారు.

"ఒక్క నిమిషం సిస్టర్," అన్నారు. "ఐతారం ఏం వండుతారో విననీ."